పెరటి పిట్టల లెక్క

మా చెల్లిని డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మూడో నెలలోనే చెప్పేసింది. బాత్రూముకి తప్ప లేవకూడదు, బరువెత్తకూడదు, ఎడమవైపు తిరిగి పడుకోవాలి, రోజుకి పది గ్లాసుల నీళ్ళు తాగాలి, మనసులో ఏ దిగులూ పెట్టుకోకూడదు. ఆ చివరిదానికి మాత్రం మందు రాసివ్వలేదు మహాతల్లి. రెండేళ్ళ కిందట ఐదో నెలలో దానికొక కడుపు పోయింది. అప్పుడు నాలుగు నెలలపాటు అది గోడకేసి తిరిగి పడుకుంది. ఇంకోసారి అలా జరిగితే ఇక మా చెల్లి మాకు దక్కదని నాకు తెలుసు, దాని మొగుడికీ తెలుసు. మరిది దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. వెళ్ళాడంటే ఐదో రోజుకి గానీ తిరిగిరాడు. అందుకే నేనే పట్టుబట్టి దాన్ని నా ఇంటికి తెచ్చుకున్నాను.

నాది కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా జనం ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దం మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడగడమే నా పని. దుకాణం మా వీధి చివరే. మధ్యాహ్నం వచ్చి దానికి అన్నం పెట్టి వెళ్ళొచ్చు. కానీ మిగతా పొద్దంతా అది పైకప్పు చూస్తూ ఏం చేస్తుంది? దిగులు పడుతుంది. అందుకని వెనక గదిలో కిటికీ పక్కన మంచం వేశాను. కిటికీ అవతల పెరడు. పెరట్లో ఒక నిమ్మ చెట్టు, దాని కింద సిమెంటు తొట్టి, బట్టలారేసే తీగ. అంతే. ఎవరో బాగుకిచ్చి మళ్ళీ రాని బైనాక్యులర్ ఒకటి దుకాణంలో మూలపడి ఉంటే యజమానిని అడిగి తెచ్చాను. తొట్టి నిండా నీళ్ళు పోశాను, గోడ మీద గింజలు చల్లాను.

"నన్ను చూస్తే నీకు పెన్షన్ తీసుకునే ముసలాడిలా ఉన్నానా? పిట్టలు చూస్తూ కూర్చోమంటావా?" అంది చెల్లి.

"కూర్చోమనలేదు, పడుకుని చూడమన్నాను" అన్నాను.

వారం తిరక్కుండానే దానికి పిచ్చి పట్టింది. చలి మొదలవుతున్న రోజులు. ఏడాది పొడుగునా ఉండే పిచ్చుకలూ గోరింకలూ కాక, చలికి ఎక్కడినుంచో వచ్చేవి కూడా దిగడం మొదలుపెట్టాయి. వాటిలో బూడిదరంగు ఒంటితో, గొంతు కింద నల్ల మచ్చతో, అడుగడుక్కీ తోక ఊపుతూ నడిచే పిట్ట ఒకటి. అది తొట్టి చుట్టూ తిరిగే తీరు చూసి చెల్లి దానికి గుమాస్తా అని పేరు పెట్టింది. గోరింకలు పద్నాలుగు. నీళ్ళ దగ్గర వాటి తగువులు వింటే మా మేనత్తలు గుర్తొచ్చేవాళ్ళు. నేను దుకాణం నుంచి రాగానే చెల్లి ఆ రోజు పెరట్లో ఎవరు ఎవరిని తరిమిందీ, ఎవరు ఎవరితో స్నానమాడిందీ పూసగుచ్చినట్టు చెప్పేది. రెండేళ్ళ తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను. ఆ నవ్వు కోసం నేను ఏమైనా చేసేదాన్నే. చేశాను కూడా.

ఊళ్ళో పిట్టలు చూసేవాళ్ళ సంఘం ఒకటుందట. చలికాలమంతా ఎవరి పెరటి లెక్క వాళ్ళు రాసి చివర్లో పంపాలి. మరిది ఆ కాగితం ఎక్కడో సంపాదించి తెచ్చాడు. తేదీ, ఎండా వానా, పిట్ట పేరు, ఎన్ని కనిపించాయి అని గళ్ళు. చివరి గడి మీద "చనిపోయినవి" అని ఉంది. చెల్లి ఒక నోటు పుస్తకంలో అవే గళ్ళు గీసుకుని రోజూ రాసేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "మొత్తం అయ్యాక చూద్దువుగానిలే" అనేది.

మొదటిది ఒక పిచ్చుక. పొద్దున్నే తొట్టి మార్చడానికి వెళితే పక్కనే పడి ఉంది, నోరు తెరుచుకుని. మెడ మీద గాటు లేదు, రక్తం లేదు. ఇలాంటివి మామూలే కదా అనుకుని నిమ్మ చెట్టు వెనక, కిటికీలోంచి కనిపించని చోట గొయ్యి తీసి కప్పెట్టాను. లోపలికి రాగానే చెల్లి పుస్తకం తెరిచి అడిగింది, "కింద ఏమైనా పడి కనిపించాయా అక్కా?"

"లేదు" అన్నాను.

అది చివరి గడిలో సున్న చుట్టింది.

ఇందులో నన్ను తప్పుపట్టే ముందు మా ఇంటి సంగతి ఒకటి తెలియాలి. మా ఇంట్లో చెడ్డ కబురు చెప్పుకోవడం అలవాటు లేదు. నాన్న పోయినప్పుడు చెల్లి హాస్టల్లో పరీక్షలు రాస్తోంది. తొమ్మిది రోజులు మా అమ్మ దానితో ఫోన్లో "నాన్న పడుకున్నాడే, లేచాక చేయిస్తాలే" అంటూ వచ్చింది, కంట చుక్క రాల్చకుండా. అమ్మకి క్యాన్సర్ అని తెలిసినప్పుడు నేను అమ్మకి చెప్పలేదు. అమ్మకి తెలిసిపోయాక అమ్మ నాకు చెప్పలేదు. ప్రేమంటే అదేనని పెరిగాం మేము.

రెండు రోజులకి ఒక గోరింక. ఆ మర్నాడు ఇంకో రెండు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి పనో నాకు తెలియదా? పక్కింటి కాంపౌండరు గారికి ఒక ముసలి పిల్లి ఉంది. రోజూ మా గోడ మీద తిరిగి, మా తొట్టిలో నీళ్ళు తాగి, పెరడంతా ఒక చూపు చూసి వెళుతుంది. మేము దాన్ని ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. గోడ దగ్గర నిలబడి నోరు పారేసుకున్నాను.

"బాబాయ్ గారూ, మీ పిల్లిని కట్టేసుకుంటారా, లేకపోతే నన్ను కట్టెయ్యమంటారా?"

ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. నురగ ఉమ్మి వచ్చాడు. "దానికి పదహారేళ్ళమ్మా. నోట్లో పన్ను లేదు. పాలలో నానబెట్టిన రొట్టె తింటుంది."

"పన్ను లేకపోతే గోళ్ళు లేవా?"

ఆయన నావైపు ఒకలా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నేను గోడ పొడుగునా ముళ్ళకంప వేశాను.

ఆ వారంలో ఆరు కప్పెట్టాను. ఆరూ వేళ్ళతో తడిమి చూశాను. ఒక్కదానికీ గోరు గీసిన గుర్తు లేదు. నా కళ్ళు కాకులెత్తుకెళ్ళాయి, ఇంకేం చెప్పను. పిల్లి అనుకున్నాక పిల్లే కనిపిస్తుంది.

అయినా ముళ్ళకంప దానికొక లెక్కా? ఆ తర్వాత కూడా వచ్చి తాగి వెళ్ళేది. ఒకరోజు పొద్దున కాంపౌండరు గారు గోడ అవతల నిలబడి పిలిచాడు. చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట. "మందు పెట్టావా అమ్మా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. పెట్టలేదని ఎంత చెప్పినా వినిపించుకోకుండా, "మీ పెరట్లోంచే వచ్చి నా కాళ్ళ దగ్గర పడిపోయింది" అని మూట పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను చంపానని ఆయన నమ్మాడు. ఆ బాధలో నేను ఆయన చెప్పిన మాట సరిగ్గా వినలేదు. పెరట్లోంచి వచ్చే పడిపోయిందట. విని ఉంటే అక్కడే తేలిపోయేది.

చెల్లికి ఇదీ చెప్పలేదు. "ఇన్‌స్పెక్టర్ కనిపించడం లేదేమిటే?" అని అదే అడిగితే, "బదిలీ అయిందిలే" అన్నాను. అది పకపకా నవ్వింది. నవ్వాక పొట్ట పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. ఏమిటే అంటే ఏమీ లేదంది.

పిల్లి పోయినా పిట్టలు చావడం ఆగలేదు. ఈసారి నా బుర్రకి తట్టింది రోగం. తొట్టిలో నాచు పట్టి ఏదో పురుగు చేరి ఉంటుందనుకున్నాను. పీచు పెట్టి తోమాను, ఎండబెట్టాను. రోజుకొకసారి మార్చే నీళ్ళు మూడుసార్లు మార్చడం మొదలుపెట్టాను. అప్పటికీ పడుతుంటే, మరిగించిన నీళ్ళు పోద్దామని బుద్ధి పుట్టింది. చెల్లి కోసం రోజూ పెద్ద గిన్నెడు నీళ్ళు సగానికి వచ్చేదాకా మరిగించి చల్లార్చి ఉంచుతాను. క్రిమి అనేది ఉండకూడదని నా పట్టుదల. ఆ గిన్నెలోంచే ఒక చెంబు చెల్లి మంచం పక్కనా, ఒక చెంబు తొట్టిలోనూ పోసేదాన్ని. నా ఇంట్లో ఇద్దరికీ ఒకటే మర్యాద అని చెల్లితో జోకు కూడా వేశాను. నాకు పొద్దంతా దుకాణంలో పెట్టిన క్యాను నీళ్ళే.

నీళ్ళంటే బోరు నీళ్ళు. వేసవిలో కుళాయిలోంచి ఎర్రటి నీళ్ళు వస్తుంటే విసిగిపోయి నేనే వేయించాను. గాజులాంటి నీళ్ళు పడ్డాయి. వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత రెండు నెలలకి మా వెనక గోడ అవతల రేకుల షెడ్డు లేచింది. కుళాయిలకీ, తలుపు పిడులకీ వెండిలా మెరిసే పూత వేస్తారు అందులో. మొదట్లో ముక్కు మండే వాసన వస్తే వెళ్ళి అడిగాను. "అలవాటైపోతుంది మేడం" అన్నాడు షెడ్డు మేస్త్రీ. నిజంగానే అలవాటైపోయింది. వాళ్ళు మా బోరుకి పది అడుగుల దూరంలో గొయ్యి తవ్వి అందులోకి ఏదో పచ్చటి నీళ్ళు వదలడం కూడా చూశాను. మన కాలవలోకి వదలడం లేదు కదా అని సంతోషించాను. అలా సంతోషించినందుకు ఇప్పుడు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్యలో దుకాణం తరఫున పక్క ఊళ్ళో కంటి పరీక్షల క్యాంపు పడింది, మూడు రోజులు. మరిది సెలవు పెట్టి వచ్చి చెల్లి దగ్గర ఉన్నాడు. ఆ మూడు రోజులూ వాన. తిరిగొచ్చి నిమ్మ చెట్టు కింద వెతికాను. ఒక్క పిట్ట కూడా పడి లేదు. చెల్లి మొహం తేటగా ఉంది. "వదినగారూ, నేను వండిపెడితే ఎలా ఉందో చూశారా?" అని మరిది మీసం తిప్పాడు. హమ్మయ్య, రోగం పోయిందనుకున్నాను. అతను బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను పొయ్యి మీద గిన్నె పెట్టాను.

రెండో రోజుకి గుమాస్తా చచ్చిపోయింది.

దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎంత తేలిగ్గా ఉందో. అది ముప్ఫై ఒకటోది. ముప్ఫై ఒకటికీ పుస్తకంలో సున్నలే చుట్టించాను చెల్లి చేత. సాయంత్రం అది బైనాక్యులర్ పెట్టుకుని పెరడంతా వెతుకుతుంటే గుమ్మం పక్కన నిలబడి చూశాను. "రాలేదక్కా" అంది. "చలి తగ్గుతోందిగా, వెళ్ళిపోయి ఉంటుంది" అన్నాను. గ్లాసెత్తి నీళ్ళు తాగింది. డాక్టరమ్మ చెప్పిన పది గ్లాసుల్లో ఒక్కటి కూడా మానేది కాదు అది, పాపం.

ఆ తర్వాత ఆదివారం. ఏడో నెల వచ్చి వారమైంది. లెక్క పంపాల్సిన గడువు దగ్గరపడింది. చెల్లికి తల తిరుగుతోందట, "నువ్వు చదువు, నేను కాగితంలోకి ఎక్కిస్తాను" అని పుస్తకం మొదటిసారి నా చేతికిచ్చింది. మంచం అంచున కూర్చుని చదవడం మొదలుపెట్టాను. గోరింకలు పద్నాలుగు. గోరింకలు పదమూడు. పదకొండు. తొమ్మిది. నేను ఏ రోజున ఎన్ని కప్పెట్టానో ఆ అంకెల్లో నాకు కనిపిస్తూనే ఉంది. గొంతు తడబడకుండా చదువుతున్నాను.

ప్రతి రోజు కిందా ఒక వరస అదనంగా ఉంది. సంఘం కాగితంలో లేనిది. "లోపలి పిట్ట" అని రాసి, పక్కన అంకె.

"ఇదేమిటే?"

"పొట్టలోది" అంది సిగ్గుపడుతూ. "భోజనం అయ్యాక గంటలో ఎన్నిసార్లు తన్నిందో రాశాను. దాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయడం ఎందుకని."

లోపలి పిట్ట పద్దెనిమిది. పదహారు. పదిహేను. పన్నెండు. నేను చదువుతూ పేజీ తిప్పాను. పది. తొమ్మిది. పైన గోరింకలు తొమ్మిది నుంచి ఏడుకి దిగాయి. కింద ఇదీ దిగుతోంది. తర్వాత మూడు రోజులు వాన అని ఉంది. ఆ మూడు రోజులూ గోరింకలు ఏడు, ఏడు, ఏడు. లోపలి పిట్ట పదకొండు, పదిహేను, పదిహేడు.

నేను ఆగిపోయాను.

"ఆ మూడు రోజులు భలే తన్నిందక్కా" అంది చెల్లి. "ఆయన బస్సులోంచి సీసా నీళ్ళ పెట్టె తెచ్చాడుగా. మరిగించడం ఎవడు చేస్తాడని అవే తాగించాడు. పెరట్లోకి కూడా వెళ్ళలేదు, బద్ధకస్తుడు. తొట్టి వాన నీళ్ళతోనే నిండింది."

చెబుతూ గ్లాసు అందుకుంది. నేను దాని చేతి మీద కొట్టాను. గ్లాసు గోడకి తగిలి పక్కంతా తడిసింది. అది బిత్తరపోయి చూసింది. నా జీవితంలో దాని మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు.

"ఎన్ని చచ్చాయో నీకు తెలియదు" అన్నాను. "ముప్ఫై ఒకటి. అన్నీ నేనే కప్పెట్టాను. నీళ్ళే. ఆ షెడ్డు గొయ్యి పక్కనున్న మన బోరు నీళ్ళేనే."

చెల్లి తెలివిగలది. నాకు నలభై రోజులు పట్టింది, దానికి నాలుగు క్షణాలు కూడా పట్టలేదు. పుస్తకం నా ఒళ్ళోంచి లాక్కుని సున్నల వరస మీద వేలు పెట్టి కిందికి జరిపింది. "మొదటి రోజే చెప్పుంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చివరి పేజీ తీసి చూపించింది. నిన్నటి తేదీ కింద లోపలి పిట్ట రెండు. ఇవాళ్టిది ఖాళీ.

"నిన్న రాత్రి నుంచి కదల్లేదక్కా" అంది. "నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

నేను కాంపౌండరు గారి తలుపు రెండు చేతులా బాదాను. ఆయనకి పాత కారుంది. "మీ పిల్లిని నేను చంపలేదు, మా నీళ్ళు చంపాయి, మా చెల్లి కూడా అవే తాగింది" అని ఏదేదో చెప్పాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే తాళాలు తీసుకుని వచ్చాడు. చెల్లిని ఇద్దరం పట్టుకుని వెనక సీట్లో ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాం. దారిలో ఆయన ఒక్కటే అడిగాడు, "ఎన్నాళ్ళ నుంచి తాగుతోంది?" చెప్పాను. ఆయన గేరు మార్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చెవికి గొట్టం పెట్టుకుని పొట్ట మీద అక్కడా ఇక్కడా వెతికింది. రక్తం తీయించింది. తర్వాత నన్ను వరండాలోకి రమ్మంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ తొంభై దాటడం లేదంది. నూటపదికి పైన ఉండాలట. తల్లి రక్తంలోకే విషం ఎక్కిందనీ, ఈ స్థితిలో కోసి బయటికి తీస్తే ఇద్దరికీ ప్రమాదమనీ చెప్పింది. ఎక్కించాల్సింది ఎక్కిస్తున్నాం, గంటగంటకీ చూస్తాం, అదే పుంజుకోవాలి అంది.

"మీ చెల్లెలికి ఇవన్నీ ఇప్పుడే చెప్పకండి" అంది. "ఆవిడ ధైర్యంగా ఉండటం ముఖ్యం. అంతా బాగానే ఉందని చెప్పండి."

నేను తలూపాను. అలవాటైన పనే కదా. నా అంత బాగా ఆ మాట ఇంకెవరు చెప్పగలరు?

గదిలోకి వెళ్ళాను. చెల్లి చేతికి సూది, సీసా వేలాడుతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఏమందక్కా?" అంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అంతా చెప్పాను. తొంభై అనీ, నూటపది ఉండాలనీ, రక్తంలో విషముందనీ, కోయడానికి వీల్లేదనీ. చెప్పొద్దన్న సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే నా నోరు వేరేవాళ్ళ నోరులా ఉంది. అది నా చెయ్యి పట్టుకోలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని మొత్తం విన్నది.

"గంటగంటకీ చూస్తారా?"

"ఆ."

"చూసిన ప్రతిసారీ నువ్వే వచ్చి చెప్పు. మంచైనా, చెడైనా. మొహం తుడుచుకుని రావద్దు."

సరేనన్నాను. మరిదికి ఫోన్ చేసి అదే చెప్పాను. అవతల బస్సు హారన్లు వినిపించాయి. బయలుదేరుతున్నానన్నాడు.

మొదటి గంటకి నర్సు గొట్టం పెట్టి చూసి, చెల్లితో ఏమీ అనకుండా కాగితం మీద రాసుకుని బయటికి వచ్చింది. వరండాలో నాకు చెప్పింది, తొంభై నాలుగు. వెళ్ళి చెప్పాను. చెల్లి కళ్ళు మూసుకుని తెరిచింది. రెండో గంటకి ఎనభై ఆరు. అదీ చెప్పాను. "సరే" అంది.

మూడో గంటకి నర్సు లోపల చాలాసేపు ఉంది. బయటికి వచ్చి, నావైపు చూడకుండా డాక్టరమ్మ గదివైపు వేగంగా వెళ్ళింది. డాక్టరమ్మ వచ్చింది, లోపలికి వెళ్ళింది, తిరిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి రెండు మాటలు చెప్పింది, "గుండె ఆగిపోయింది" అని. కాంపౌండరు గారు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

గుమ్మం దాకా నడిచాను. తలుపు మీద చెయ్యి పెట్టాను గానీ తొయ్యలేకపోయాను.

"అక్కా, వచ్చావా?" అంది చెల్లి లోపలినుంచి. "చెప్పు."